బండికి జ్వరం చూసే మనిషి

మా మామగారు పోయారన్న కబురు నాకు బడిలో అందింది. పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. మావారి స్నేహితుడు మోటారు సైకిలు మీద వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "అక్కా, పెద్దాయన లేడు. పొద్దుగాల చాయ తాగి మంచంల ఒరిగిండంట, మళ్ల లెవ్వలే" అన్నాడు. పిల్లల్ని ఇళ్ళకు పంపి, నా మోపెడ్ ఎక్కి, అడవి దారిలో ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. ఎక్సలేటరు పూర్తిగా తిప్పేసే ఉంటాను, ప్రతి మలుపులో బ్రేకు పట్టే ఉంటాను. మామగారు నేర్పిందంతా ఆ పూట గాలికి పోయింది.

మేముండేది సారపాకలో. నా బడి మణుగూరు వైపు, అడవి లోపల ఒక కోయ పల్లెలో. నేనొక్కదాన్నే టీచర్ని, నేను వెళ్ళకపోతే బడికి తాళమే. బస్సు మెయిన్ రోడ్డు మీదే దింపేసి పోయేది. అక్కడి నుంచి నడిచి వెళ్ళేసరికి పిల్లలు విసిగి మేకల వెంట వెళ్ళిపోయేవారు. అందుకని పదేళ్ళ కిందట, ఎనభైల చివర్లో, పాత మోపెడ్ ఒకటి కొనుక్కున్నాను. కొత్త మోజు కదా, దాన్ని పరుగెత్తించడమే నాకు తెలుసు.

అది కూడా నాకు తగ్గట్టే తాగేది. బంకు నుంచి డబ్బాలో తెచ్చుకున్న పెట్రోలు వారం తిరిగేసరికి అడుగంటేది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని మావారు అన్నారు: "జీతమంత బండికే పోస్తున్నవ్. గీ నౌకరి ఎందుకు? మానేసి ఇంట్ల ఉండరాదు?"

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. ఆ ఉద్యోగం నాకు ప్రాణం. అంతలో వాకిట్లో మంచం మీంచి మామగారి మాట వినిపించింది. "నెల రోజులు ఆగురా. బండి తాగుతున్నదో, బిడ్డ తాగిస్తున్నదో సూద్దాం."

ఆయన నన్ను కాపాడారో, నా మీదే నేరం మోపారో అర్థం కాక ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున్నే తువ్వాలు తలకు చుట్టుకుని వచ్చి నా వెనక సీటు ఎక్కారు. ఆయన జన్మలో ఎక్సలేటరు ముట్టుకున్న మనిషి కాదు. ఇల్లందు దగ్గర ఎడ్లబండి మీద కట్టెలు తోలి పిల్లల్ని పెంచారు. ఈయన నాకేం చెప్తాడులే అనుకుంటూ బండి ఉరికించాను.

"ఎందుకు బిడ్డా గంత ఉరుకుడు? గా కల్వర్టు ఇక్కడి నుంచే కనబడ్తలేదా? ఆడ ఎట్లైనా ఆగాలె గద. ఇప్పుడే చెయ్యి సడలియ్యి."

సడలించాను. బండి తనంతట తానే నెమ్మదించి, కల్వర్టు గుంతలోకి బుద్ధిగా దిగి ఎక్కింది. బ్రేకు పట్టనే లేదు.

"సూసినవా? బ్రేకు పట్టినవంటే అందాక కాల్చిన పెట్రోలు దండుగైనట్టే."

దారిలో ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్ళు కనిపిస్తే ఆగి పలకరించడం నాకు అలవాటు. ఇంజను మాత్రం కొట్టుకుంటూనే ఉండేది. "ముచ్చట పెట్టేది నువ్వు, దానికేం పని? బంద్ జెయ్యి" అనేవారు. నా సంచి తూచినట్టు ఎత్తి చూసి, అక్కర్లేని పుస్తకాలు ఇంట్లో దింపించేవారు. బయలుదేరే ముందు సైకిలు పంపుతో టైర్లలో గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూసి గానీ కదలనిచ్చేవారు కాదు.

వారం తిరిగాక ఆయన నా వెంట రావడం తగ్గించారు. అన్నిటికన్నా పెద్ద పరీక్ష సాయంత్రం. నేను వాకిట్లో బండి ఆపగానే మామగారు మంచం దిగి వచ్చేవారు. చంటిపిల్లకు ఒళ్ళు కాలుతోందా అని చూసినట్టు, అరచెయ్యి తిప్పి చక్రం మధ్యలోని బ్రేకు డ్రమ్ముకు ఆనించేవారు. ఊరికే బ్రేకులు పడితే అది వేడెక్కుతుంది. "ఏంది బిడ్డా, బండికి జ్వరమొచ్చింది? యాడ ఉరికిచ్చినవ్?" అని అడిగేవారు. నిజం చెప్పక తప్పేది కాదు. చల్లగా ఉంటే మాత్రం లోపలికి తిరిగి, "చాయ పెట్టుండ్రి, టీచరమ్మ వచ్చింది" అని కేకేసేవారు. ఆ చాయ కోసం నేను దారంతా కళ్ళు రోడ్డు మీద పెట్టి నడిపేదాన్ని.

ఆయన చెప్పిందల్లా వేదమేం కాదు. ఆ బండికి పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. ఆయిలు ఎక్కువ కలిపితే పెట్రోలు తక్కువ పడుతుందని ఆయనకొక లెక్క తోచింది. నాకు చెప్పకుండా పోసేశారు. ఊరి చివరి దాకా దోమల మందు కొట్టినట్టు పొగ చిమ్మి బండి ఆగిపోయింది. ఇద్దరం తోసుకుంటూ వెనక్కి వచ్చాం. మెకానిక్కు ఆయిలు ముద్దకట్టిన ప్లగ్గు ఊడదీసి చూపించి, "ఎవరమ్మా ఈ తెలివిగల్లోడు?" అన్నాడు. మామగారు ఎటో చూస్తూ నిలబడ్డారు. తోవలో మాత్రం, "కోడలా, ఇంట్ల చెప్పకు" అని నా చేతిలో పల్లీల పొట్లం పెట్టారు. ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెప్తున్నాను.

నెల తిరిగింది. మామగారు పెట్రోలు డబ్బా తెచ్చి మావారి చెవి దగ్గర ఊపారు. లోపల గలగలమంది. వారం గడిచినా ఇంకా మిగిలే ఉంది. మావారు డబ్బా అందుకుని మూలన పెట్టారు. ఉద్యోగం మానమన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ వినిపించలేదు. ఆ బడిలో అక్షరాలు దిద్దిన ఆడపిల్ల ఒకతె ఇప్పుడు భద్రాచలం హాస్టల్లో పదో తరగతి చదువుతోంది. టీచరవుతానంటోంది. ఆమెకూ బండి నేర్పాలి.

పెద్దకర్మ అయ్యాక మొన్ననే మళ్ళీ బడికి వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు కల్వర్టు దూరంగా కనబడగానే నా చెయ్యి దానంతట అదే సడలింది. అప్పుడు ఏడుపొచ్చింది. ఇంటి దగ్గర ఎవరు చూస్తారని ఇంత పొదుపుగా నడుపుతున్నాను, అనుకున్నాను.

వాకిట్లో బండి ఆపాను. ఖాళీ మంచం చూడలేక తల వంచుకుని సంచి తీసుకుంటున్నాను. మావారు అరుగు దిగి వచ్చారు. బండి పక్కన వంగి, అరచెయ్యి తిప్పి, డ్రమ్ముకు ఆనించి కాసేపు అలాగే ఉంచారు.

తర్వాత లేచి, లోపలికి తిరిగి కేకేశారు. "చాయ పెట్టుండ్రి, టీచరమ్మ వచ్చింది."