మీటరు ముల్లుకు వినబడని చప్పుడు

మొన్న మా తమ్ముని బిడ్డ తను పనిచేసే టీవీ స్టేషనుకు నన్ను తోల్కపోయి చూపించింది. గోడనిండా తెరలు, ఎన్నో లైన్లు, దేంట్లనన్న బొమ్మగాని శబ్దంగాని చెడితే ఎర్రదీపం తనంతట తనే వెలుగుతుంది. ఇక్కడ ఎవ్వరూ చెవి పెట్టి వినక్కర్లేదు పెద్దబాపూ అన్నదామె. ఆ మాటకు నా చెవులు కొంచెం చిన్నబోయినవి. పందొమ్మిదివందల డెబ్బైలలో నాకు అన్నం పెట్టినవి అవే మరి.

ఉప్పుగూడలో బర్రెల పాలు అమ్మే ఇంటినుంచి రేడియో స్టేషను కొలువుకు పోయినవాణ్ని నేనొక్కణ్నే. కొడుకు లైన్ల పడ్డడని మా బాపు సంబురపడ్డడు. నిజంగనే లైన్లలో పడ్డ. బయటినుంచి వచ్చే లైన్లను స్టూడియోలకు మళ్లించే స్విచ్చుల బల్ల ముందర కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకొని, ఒక్కొక్క లైనును అరనిమిషం విని, మీటరు ముల్లు చూసి, పుస్తకంలో "బాగున్నది" అని రాయడమే నా పని. చేరిన రెండో నెలలోనే, ఒక సంగీత కచేరి నడుస్తుండగా, వెనక గుయ్యిమని ఏదో మోగుతుంటే, లైను చెడిందనుకొని ఠక్కున కట్ చేసిన. అది తంబూర. దాని మొఖం నేనెన్నడు చూసిన గనక! ఆనాటినుంచి నేను "తంబూర భాయ్" అయిన. ఇంకొక్క తప్పు చేస్తే కొలువు పక్కా కాదని, మళ్లీ బర్రెల దగ్గరికేనని ఇంజనీరు సారు ఖుల్లాగా చెప్పిండు.

గట్ల ఉండగా, మొఘల్‌పురాలో పహిల్వాన్లు కసరత్తు చేసే ఒక తాలీంఖానా నుంచి కుస్తీ పోటీల వ్యాఖ్యానం నేరుగా వినిపించే రోజు వచ్చింది. అక్కడినుంచి రెండు టెలిఫోన్ లైన్లు, ఒకటి అసలుది, ఒకటి అవసరానికి. పది నిముషాల్లో మొదలనంగ అసలు లైన్లో సన్నగ ఒక చిటపట వినబడ్డది. ముల్లేమో మంచిగనే ఆడుతున్నది; అది మాట ఎంత గట్టిగున్నదో చెప్తది గాని ఎంత శుభ్రంగున్నదో చెప్పదు. నోరు తెరిస్తే నవ్వులపాలు, తెరవకుంటే ఆ ముల్లు జన్మంతా నాకే గుచ్చుకుంటది. తెరిచిన.

"ఏం తంబూర భాయ్, పహిల్వాన్లు గూడ తంబూర పట్టిన్రా ఏంది?" అన్నడు మా సీనియర్ అన్న. గదంతా నవ్వింది.

కాని మోత లైనుదా, అవతలి జాగదా అని ముందు తేల్చుకోవాలని ఆ తంబూర నాకొక బుద్ధి నేర్పింది. అక్కడి మైకు ఒక్క నిమిషం మూయించుమని సారును బతిమాలిన. మూసిన్రు. జనం లొల్లి ఆగింది, చిటపట ఆగలేదు. అంటే రోగం లైన్లోనే ఉన్నది! సారు హెడ్‌ఫోన్ తన చెవికి పెట్టుకొని విని, రెండో లైనుకు మార్చుమన్నడు.

కుస్తీ మొదలైన పావుగంటకు అసలు లైను పూర్తిగ చచ్చిపోయింది. మేము అప్పటికే రెండోదాని మీద ఉన్నం కనుక వినేవాళ్లలో ఒక్కరికీ తెలియలేదు. సాయంత్రం ఇంటికి పోతే మా గల్లీ అంతా ఒక్క పట్టు పొల్లుపోకుంట ఆ కుస్తీలే చెప్పుకుంటున్నరు. పహిల్వాన్ను నేనే చిత్తు చేసినట్టు ఛాతి పొంగించుకొని వాళ్ల మధ్యనుంచి నడిచిన. నెలాఖరుకు కొలువు పక్కా అయింది. ఆ తర్వాత ఏ లైను మీద అనుమానమొచ్చినా ఆ సీనియర్ అన్నే హెడ్‌ఫోన్ నా చేతికిచ్చి, జర విను భాయ్ అనేటోడు.

ఇప్పుడు లైను చెడితే మిషనే పసిగట్టి, మిషనే ఇంకోదాని మీదికి మార్చుకుంటదట. మంచిదే, ఎవరి కొలువుకూ ఫికర్ లేదు. కాని గదంతా నవ్వుతుండగా, సారూ, నాకు వినబడుతున్నది అని ఒక్కడే లేచి నిలబడి, ఆ మాట నిజమయ్యేదాకా గుండె చేతబట్టుకొని కూర్చునే ఆ కాసేపు మాత్రం ఈ పిల్లలకు దొరకదు కదా అనిపిస్తది.