వ్యాగన్ నంబరులో దొరికిన సందు

తోరణగల్లు రైలు గేటు దగ్గర స్కూటరు ఆపుకుని నిలబడితే, గూడ్సు దడదడమంటూ పోతూ ముక్కుల్లోకి ఇనుపరాతి దుమ్ము ఎక్కిస్తుంది. అందరూ విసుక్కుంటారు. నాకు మాత్రం మా లెక్కల మాస్టారు ఎర్రిస్వామి సార్ గుర్తొస్తారు. ఆయన శిష్యురాలినని గొప్పగా చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

అప్పుడు నేను పదో తరగతి. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ. లెక్కలు మాత్రం ఏ భాషలోనూ రావని పేరు తెచ్చుకున్నాను. అయినా పీయూసీలో, అంటే ఇంటర్‌లో, సైన్సు చదవాలని నా ఆశ. "లెక్కలు మన ఇంటికి అచ్చిరావు పాపా, ఆర్ట్స్‌లో చేరు," అని మా నాయన తేల్చేశాడు. ఆయనకు కోపం లేదు, నా మీద జాలి. ఆ జాలికే నాకు ఒళ్ళు మండింది.

సార్‌కు ఒక ఆట ఉండేది. బడికొచ్చే దారిలో ఎవరో ఒకరు గూడ్సు వ్యాగన్ మీది పదకొండంకెల నంబరు రాసుకురావాలి. దాన్ని ఉన్నదున్నట్టుగానో, అంకెలు మార్చో బోర్డు మీద రాస్తే, నిజమో దొంగో ఆయన చెప్పేవారు. కిటుకు మాకూ నేర్పారు. ఎడమ నుంచి రెండు, నాలుగు, ఆరు, ఇలా సరి స్థానాల్లోని అంకెల్ని కూడి మూడుతో గుణించాలి. మిగతా అంకెల్ని దానికి కలపాలి. మొత్తం చివర సున్నా రావాలి. అలా వచ్చేలాగే ఆఖరి అంకె పెడతారట.

"పది అంకెలకు పదకొండోది కావలి గదప్పా! దొంగ యాడ దూరినా పట్టిస్తాది," అని మీసం దువ్వేవారు. ఆయన ఓడిపోగా మేమెవరం చూడలేదు.

ఒకరోజు నాకు 30110827464 దొరికింది. మధ్యలో రెండూ ఏడూ తారుమారు చేసి కూడితే, మళ్ళీ సున్నాయే వచ్చింది. నా మొద్దుబుర్రే తప్పు చేసిందనుకుని మళ్ళీ కూడి చూశాను. అసలుదానికి ఎనభై, దొంగదానికి డెబ్భై. అప్పుడు వెలిగింది. పక్కపక్కనున్న అంకెల మధ్య తేడా ఐదైతే, అవి చోట్లు మార్చుకున్నా మొత్తం ఆ తేడాకు రెట్టింపు, అంటే సరిగ్గా పదే మారుతుంది. చివరి సున్నా చెక్కుచెదరదు.

మర్నాడు దొంగ నంబరు బోర్డు మీద రాశాను. సార్ పెదవులు కదిపి కూడుకున్నారు.

"నిజం నంబరే."

"కాదు సార్. రెండూ ఏడూ నేనే తిరగేసినా."

సార్ రెండు నంబర్లూ పక్కపక్కన వేసి చూసుకున్నారు. ఆయన ఒక్కసారిగా పకపకా నవ్వేశారు.

"శభాష్ అమ్మా! ఇన్నేండ్లుగా చెప్తాండా, ఈ సందు నాకే కనపడలా!"

సాయంత్రం తిన్నగా మా ఇంటికొచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"హనుమంతప్పా, నీ బిడ్డ ఈపొద్దు అందరి ముందరా నా తప్పు పట్టింది. దీన్ని సైన్సులో చేర్చకుంటే నేను ఊరుకోను."

మా నాయన నావైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "మీ తప్పే పట్టిందా సార్!" అన్నాడు. ఆ గొంతులో జాలి లేదు.

ఇప్పుడు నేను పీయూ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. ఏ పిల్లైనా లేచి "మేడం, అది తప్పు" అని నిరూపిస్తే, ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్తాను. అమ్మానాన్నల్ని పిలిచి, మీ బిడ్డ నా తప్పు పట్టిందని గర్వంగా చెప్పి వస్తాను.