పెరట్లో మసిబారిన ఇటుకలు

ఎనభైల్లో అమెరికాలో, శాక్రమెంటో శివార్లలో ఇల్లు కొన్నాం. "మీ ఇళ్లు రాకముందు ఇదంతా ఖాళీ బీడే," అన్నాడు పక్కింటాయన. గోంగూర వేద్దామని పెరడు తవ్వితే మసిబారిన ఇటుకల వరస తగిలింది.

"పాత బార్బెక్యూ అయ్యుంటుంది, కవర్ చేసెయ్," అన్నారు మావారు. నాకు మనసొప్పక లైబ్రరీలో అడిగాను. వాళ్లు పాత రికార్డులు వెతికి, ఒక జపనీస్ పెద్దావిడను పంపించారు.

ఆవిడ వంగి ఇటుకలు తడిమింది. "మా స్నానాల తొట్టి కింద పొయ్యి ఇది. బయటే ఒళ్లు రుద్దుకుని, అందరం అవే వేడినీళ్లలో దిగేవాళ్లం. ముందు నాన్న."

జపాన్‌తో యుద్ధమప్పుడు, జపనీయులన్న ఒక్క కారణానికి, ఆవిడ కుటుంబాన్ని ఇక్కడ వాళ్లు పండించే స్ట్రాబెర్రీ తోటలోంచే అమెరికా ప్రభుత్వం ముళ్లకంచె క్యాంపుకి తరలించిందట. ఖాళీ బీడట! నాకు ఒళ్లు మండిపోయింది.

కాఫీకి పిలిచాను. ఆవిడ గుమ్మం బయట చెప్పులు విడిచి, తను పుట్టిన నేల మీద నిలబడి, "లోపలికి రావచ్చా?" అని నన్ను అడిగింది.