అల్మరా కింద లైటు, నా కళ్ళకు మెడికల్

తోటకూర వేపుడులోంచి నా కొడుకు కంచంలోకి వచ్చిన నీలం ప్లాస్టిక్ దారం పొడవు నాలుగంగుళాలు. కట్టకి చుట్టిన దారం అది. మా కోడలు జానెడు ఉందని అంది. నేను టేపు తెచ్చి కొలిచాను. నాలుగంగుళాలే.

కొలిచినంత మాత్రాన తప్పు చిన్నదైపోదని నాకూ తెలుసు. కట్ట విప్పింది నేను, తరిగింది నేను, మూకుట్లో వేసింది నేను. పెళ్ళయి బెంగాల్లో ఉన్న ఈ రైల్వే ఊరు వచ్చి యాభై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళు నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో వండాను. మా ఆయన వర్క్‌షాపులో రిటైరయ్యాక తాల్‌బగీచాలో కట్టుకున్న ఈ ఇంట్లో ఇరవై రెండేళ్ళు వండాను. నా కూరలో దారం రావడం ఇదే మొదలు. అంతకు ముందు నెలలో మాత్రం అన్నంలో రెండు రాళ్ళు, పులుసులో ఒక చింతగింజ వచ్చాయి. తేదీలతో సహా రాసిపెట్టుకున్నాను కాబట్టి దాచను.

నా కొడుకు దారాన్ని కంచం అంచుకి పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకు. నువ్వు మెడికల్‌లో పడిపోనావు."

రైల్వే ఇళ్ళలో బతకని వాళ్ళకి ఈ మాట బరువు తెలియదు. రైలు నడిపేవాళ్ళకీ సిగ్నళ్ళు చూసేవాళ్ళకీ కొన్నాళ్ళకోసారి రైల్వే ఆసుపత్రిలో కళ్ళ పరీక్ష ఉంటుంది, దాన్నే మెడికల్ అంటారు. తప్పినవాణ్ణి ఇంటికి పంపరు; బల్ల ముందు కూర్చోబెట్టి కాగితాలు సర్దే పని ఇస్తారు. మా ఇళ్ళలో ఈ పద్ధతి ఆసుపత్రి గేటు దగ్గర ఆగదు. పెళ్ళికొడుకు దగ్గర్నుంచి పాత సైకిలు దాకా ఏదైనా ఫిట్టో, అన్‌ఫిట్టో. నా కొడుకు సిగ్నల్ డిపార్టుమెంటులో పనిచేస్తాడు. ఒక దారంతో కన్నతల్లిని అన్‌ఫిట్ చేసేశాడు.

"అయితే నాకు బల్ల ముందు పనేటి ఇస్తన్నావు?" అన్నాను.

"ఎల్లుల్లి వొలుసుకో. పూజ సూసుకో. ఒకటో తారీకు నుంచి వంటకి మాషి వస్తాది. మాటాడేసినాం."

మాషి అంటే ఇక్కడ జీతానికి వండిపెట్టే ఆడమనిషి. "మాటాడేసినాం" అన్నాడు, "మాటాడేసినాను" అనలేదు. రెండో మనిషి, మా కోడలు, పప్పు గిన్నె మీద మూత సరిచేస్తూ నా వైపు చూడలేదు. మంచిదే. కొడుకూ కోడలూ ఒక మాట మీద ఉండాలని నేనే ఎన్నోసార్లు కోరుకున్నాను.

అది ఇరవయ్యో తారీకు. నాకు మిగిలినవి పదకొండు రోజులు. ఎల్లుల్లి వొలవడానికి నాకేం భయం లేదు. ఎల్లుల్లి తరవాత ఏం మిగులుతుందన్నదే భయం.

మర్నాడు పొద్దున్న కోడలు బజారుకి వెళ్ళినప్పుడు నేను టేపు పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. ట్యూబ్‌లైటు నా వెనక గోడ మీద ఉంది. నా ముందు, గట్టుకి ఇరవై రెండంగుళాల ఎత్తున, పదమూడంగుళాలు ముందుకి పొడుచుకొచ్చిన అల్మరాలు. పోయిన ఏడాది మా కోడలు పెట్టించిన ముదురు ఎరుపు అల్మరాలవి, అద్దంలా మెరుస్తాయి. ఇంటికి వచ్చినవాళ్ళు ముందు వాటికి నమస్కారం పెట్టి తరవాత నాకు పెడతారు. నేను గట్టు ముందు నిలబడితే వెనక లైటుకి నా నీడే గట్టు మీద పెట్టుకున్న కత్తిపీట మీద పడుతుంది. ఆ పైన అల్మరాల నీడ. కూర తరిగే చోటుకి మాత్రమే చీకటి. పైన అల్మరాలకి కావలసినంత వెలుగు. క్వార్టర్లో నా గట్టుకి ఎదురుగా కిటికీ ఉండేది, నెత్తిన ఒక బల్బు వేలాడేది. అందం శూన్యం. రాయి ఏదో, బియ్యపు గింజ ఏదో తెలిసేది.

సాయంత్రం టీల వేళ కేసు పెట్టాను.

"కళ్ళు పరీక్ష సేసినప్పుడు అక్షరాల చార్టు మీద లైటు ఏస్తారా, ఏయరా?" అని కొడుకుని అడిగాను.

"ఏస్తారు."

"మరి నా చార్టు మీద ఎవులేసినారు?"

వాడు టీ కప్పు దించాడు. మా కోడలికి వాడికంటే ముందే అర్థమైంది.

"అంటే తప్పు నా అల్మరాలదా అత్తా?"

"అల్మరాలది కాదమ్మా. వాటికి ఏ పాపం తెల్దు. వాటి నీడది."

వాడు లేచి గట్టు ముందు నిలబడ్డాడు, వంగి చూశాడు, చెయ్యి చాపి నీడ చూసుకున్నాడు. ప్రమాదం జరిగిన చోటుకి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరులా గడ్డం గోక్కున్నాడు.

"ఠీక్ హై. అల్మరాల కింద లైట్లు ఏసేద్దాం. ఒకటో తారీకుకి ముందు మళ్ళీ మెడికల్. అందులో పడిపోతే మాషి."

నేను ఒప్పుకున్నాను. నాకు కావలసింది కత్తిపీట మీద వెలుగు. అది ఎంత పెద్ద కోరికో ఆ రాత్రి భోజనానికి ముందే తెలిసింది. మా కోడలు ఫోను తెచ్చి నా పక్కన కూర్చుని వంటిళ్ళ బొమ్మలు చూపించడం మొదలుపెట్టింది. నలభై ఒక్క వంటిళ్ళు చూశాను. అన్నిట్లో అల్మరాల కింద బంగారంలాంటి వెలుగు. ఒక్కదాన్లో కుక్కరు లేదు, పోపులపెట్టె లేదు, గుడ్డముక్క లేదు. ఒక గాజు గిన్నెలో మూడు నిమ్మకాయలు, దూరంగా ఒక నూనె సీసా. ఆ ఇళ్ళవాళ్ళు ఆ మూడు నిమ్మకాయలే తిని ఆ వెలుగులో బతుకుతున్నారు కాబోలు.

"ఇది సూడండి అత్తా, రిమోటుంది. పదహారు రంగులు మారతాది. స్టైలుగా ఉంటాది."

"ఎరుపుంటాదా?" అని నా కొడుకు అడిగాడు.

"ఉంటాది. ఆకుపచ్చ కూడా ఉంటాది."

"ఎనిమిది గంటలు అవే సూసి ఇంటికొస్తన్నాను. అన్నం కాడ కూడా ఎరుపేస్తే నేను గుమ్మం దగ్గరే ఆగిపోతాను. నా పెళ్ళాం ఆకుపచ్చ ఇచ్చేదాకా లోపలికి రాను."

"అదీ బాగుంటాది," అంది మా కోడలు.

ఇరవై నాలుగో తారీకున నేనూ మా కోడలూ ఝపటాపూర్‌లో ఒక లైట్ల దుకాణానికి వెళ్ళాం. నేను చేతిసంచిలో ఒక స్టీలు డబ్బా పెట్టుకున్నాను. అందులో పావు కిలో బియ్యం, నేనే ఏరి దాచిన ఇరవై సన్నరాళ్ళు. చేపలు కొనేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు: బల్బు కింద చూసి చేప కొంటే ఇంటికొచ్చాక ఏడవాలి. లైటుని కూడా లైటులా చూసి కొనకూడదు, దాని కింద పనిచేసి కొనాలి. ఇది నాకు సబబుగా తోచింది. నేను డబ్బా తియ్యగానే మా కోడలికి మాత్రం గోడకున్న ఫ్యాన్ల ధరలు చదవాలని బుద్ధి పుట్టి అటు వెళ్ళిపోయింది.

"ఎటా కీ మాషిమా? లైటేర్ దొకానే చాల్?" అన్నాడు దుకాణదారు, ఇదేమిటి పెద్దమ్మా, లైట్ల దుకాణంలో బియ్యమా అని. లైట్ల దుకాణానికి బియ్యం తెచ్చిన మనిషిని ఆయన ఇంతకు ముందు చూసినట్టు లేదు.

నాకు తెలిసిన బెంగాలీలో విషయం చెప్పాను. ఆయన బల్ల మీద ఒక కాగితం పరిచి, పట్టీలైట్లు ఒకదాని తరవాత ఒకటి పైన పట్టుకున్నాడు. మొదటిది బొమ్మల్లోని బంగారు వెలుగు. దాని కింద మా రేషను బియ్యం పెళ్ళివారి పులావులా కనబడింది. రాళ్ళు కూడా పులావులోవే అయ్యాయి. ఇరవైలో తొమ్మిది దొరికాయి. రెండోది నీలం కలిసిన తెలుపు. అందులో బియ్యం, రాళ్ళు, నా చేతివేళ్ళు అన్నీ ఒకే రంగు, ఆసుపత్రిలో పడుకోబెట్టినట్టున్నాయి. పన్నెండు దొరికాయి. మూడోది రెండిటికీ మధ్య రకం. పొద్దున్న పదింటికి కిటికీ దగ్గర కూర్చున్నట్టుంది. పదిహేడు.

"ఇది," అన్నాను.

ఫ్యాన్ల దగ్గర్నుంచి మా కోడలు గొంతు వినిపించింది. "మరీ ఆఫీసు లైటులాగుంది అత్తా."

"నన్ను ఉద్యోగంలోంచి తీస్తన్నది మీరే కదమ్మా. ఆఫీసు లైటు ఉండనీ."

దుకాణదారుకి తెలుగు రాకపోయినా ఎటు నవ్వాలో తెలుసు. గోడ వైపు తిరిగి నవ్వాడు. పట్టీ బయటికి కనబడకుండా ఒక అల్యూమినియం గాడి, దాని మీద పాలరంగు మూత ఉంటాయనీ, అవి వేస్తే సోకుగా ఉంటుందనీ మా కోడలికి చూపించాడు. ఆమె ముఖం విచ్చుకుంది. నేను అడ్డు చెప్పలేదు, అల్మరాల రంగుకి సరిపోతుందని కూడా అన్నాను. పదకొండు రోజుల్లో నాలుగు అప్పటికే అయిపోయాయి.

లైటు బిగించింది నా కొడుకే, ఇరవై ఏడున, సెలవు పెట్టి. రైల్వేలో వేల తీగలు కలిపినవాడు కదా అని వాడికే వదిలేశాం. ఫోనులో బొమ్మ చూసి అచ్చు అలాగే, గోడ వైపు అంచుకి బిగించాడు. మూత రేపు పెడతానన్నాడు. స్విచ్చి వేశాడు. గోడ పలకలు దేదీప్యమానంగా వెలిగాయి. నునుపైన నల్ల గ్రానైటులో చుక్కలు చుక్కలుగా దీపాలు బారులు తీరాయి. నిమ్‌పురా యార్డు గట్టు మీదకి దిగినట్టుంది. కత్తిపీట ఎప్పట్లాగే చీకట్లో ఉంది.

"ఎంత బాగుందో!" అంది మా కోడలు. నిజంగానే బాగుంది. గోడని తరిగి కూర వండుకునేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

"ఒరే, నేను గోడకి వండుతానా, నీకు వండుతానా? ముందు అంచుకి పెట్టు. వెలుగు కత్తి మీద పడాల."

"బొమ్మలో ఎనకే ఉంది కదే అమ్మా."

"బొమ్మలో మూడు నిమ్మకాయలే ఉన్నాయిరా."

వాడు విప్పాడు, ముందు అంచుకి మార్చాడు, మూత కూడా అప్పుడే పెట్టాడు. చుక్కలు పోయాయి. వెలుగు సమంగా పరుచుకుంది. కత్తిపీట మీద నా చేతిగీతలు కనబడ్డాయి. కనబడ్డవన్నీ సంతోషించేవి కావు. గట్టు మూలన ఎన్నాళ్ళ నూనె జిడ్డో ఉంది. దాన్ని రోజూ తుడిచేది నేనే.

ముప్పయ్యో తారీకు ఆదివారం మెడికల్. రాళ్ళు మా కోడలు కలిపింది, ఇరవై, నా ఎదట లెక్కపెట్టి. పావు కిలో బియ్యం, పది నిమిషాలు. వాడు ఫోనులో టైము పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. నేను గింజల్ని వేలితో ఒక పక్కకి జరుపుతూ ఏరాను.

పది నిమిషాల్లో పదిహేడు. మా కోడలు వంగి, పావు నిమిషంలో మిగిలిన మూడూ తీసి నా అరచేతిలో పెట్టింది. ఆమె పెట్టిన తీరు మర్యాదగానే ఉంది, అదే బాధ.

"నీ కళ్ళజోడేదే?" అన్నాడు నా కొడుకు.

"పెట్లో ఉంది. ఆవిరి పడతాది, మూకుట్లోకి జారతాది."

"ఆవిరి అన్నానికి కదా, బియ్యానికి కాదు. తే."

ఈ తర్కం వాడికి నా దగ్గర్నుంచే వచ్చింది. తెచ్చుకున్నాను. రాళ్ళు మళ్ళీ కలిపారు. పది నిమిషాల్లో పందొమ్మిది. ఇరవయ్యోది ఎక్కడుందో తెలియలేదు. తెలియలేదనే చెప్పాను. మా కోడలు వెతికింది. ఆమెకీ చాలాసేపు దొరకలేదు, చివరికి గింజల కింద అంచున దొరికింది.

ముగ్గురం ఆ ఒక్క రాయినీ చూస్తూ నిలబడ్డాం. వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఫిట్ విత్ గ్లాసెస్," అన్నాడు.

"ఆ ఒకటి?" అంది మా కోడలు.

"అది నీకూ అయిదు నిమిషాలు పట్టింది కదా. ఫోను సేసి మాషిని రావొద్దను."

ఆమె ఫోను తీసింది, ఒక్క షరతు మీద: రైల్వేలోలాగే ఎప్పటికప్పుడు పరీక్ష ఉండాలి. నెలకోసారి అంది. నేను ఏడాదికోసారి అన్నాను. బేరం మూడు నెలల దగ్గర తెగింది. ఏ పరీక్షలోనైనా పదిహేను కంటే తగ్గితే ఎవరూ చెప్పకుండానే గరిటె తెచ్చి ఇస్తానన్నాను. ఆ మాట మాత్రం నేను ఎక్కడా రాసుకోలేదు. మా కోడలు రాసుకుంది, తారీకు వేసి.