జనరేటర్ పక్క గది

శేరిలింగంపల్లిలో మా అపార్ట్‌మెంట్ల సంఘానికి దేశం మీద బెంగ ఎక్కువ. ఆదివారం టిఫిన్లు కాగానే క్లబ్‌హౌస్‌లో కూర్చుని దేశాన్ని బాగుచేస్తుంటాం. ఆ వారం వంతు కరెంటుది. ఏడో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెర మీద బొమ్మలు వేసి, బొగ్గు కేంద్రాలన్నీ మూసేసి ఆ స్థలాల్లోనే అణు విద్యుత్ కేంద్రాలు కట్టాలని వాదించాడు. లైన్లు, నీళ్లు, పని తెలిసిన మనుషులు అక్కడ ఎలాగూ ఉన్నారన్నాడు. మాట సబబే. నా మంట మాట మీద కాదు, చెప్పే నోళ్ల మీద.

బొగ్గు పొగ పిల్లల ఊపిరితిత్తులను ఏం చేస్తుందో చెబుతుండగా కరెంటు పోయింది. సెల్లార్‌లో డీజిల్ జనరేటర్ అందుకుంది, ఏసీలు మళ్లీ తిరిగాయి. ఆయన ఆపిన ఊపిరితిత్తుల దగ్గరే మొదలుపెట్టాడు. ఒక్కడి మొహంలోనూ సిగ్గు లేదు.

జనరేటర్ పక్కనే వాచ్‌మన్ గది. పొగ గొట్టం పైదాకా తీసుకెళ్తే క్లబ్‌హౌస్ అందం చెడుతుందని ఆ గది కిటికీ దగ్గరే ఆపేశారు. వాచ్‌మన్ భార్య ఏడాది నిండని కూతుర్ని చంకనేసుకుని క్లబ్‌హౌస్ తలుపు దగ్గరికొచ్చింది.

"సార్, గా పొగ గొట్టం జర పైకి ఏపియ్యుండ్రి. పోరికి దమ్ము ఆడ్తలేదు. పొగకు దూరం పెట్టుమని దవాఖానల చెప్పిన్రు."

"చూద్దామమ్మా, ఇవాళ్టి అజెండాలో లేదు," అన్నాడు కార్యదర్శి.

"ముందు మన సెల్లార్‌లోని డీజిల్ కేంద్రం మూయండి," అన్నాను. జోకనుకుని చప్పట్లు కొట్టారు. అణు కేంద్రం మన వైపే వస్తేనో అని ఎవరో అడిగితే, "ఇక్కడెందుకండీ, ఫ్లాట్ల రేట్లు పడిపోవూ?" అని కార్యదర్శి కంగారుపడ్డాడు. అమ్మకు అన్నం పెట్టనివాడు పిన్నమ్మకు బంగారు గాజులు చేయిస్తానన్నాడట. అణు విద్యుత్తు కావాలని ఏకగ్రీవంగా తీర్మానించి లేచారు.

తర్వాతి నెల పొగ సంగతి తేల్చారు. గొట్టం కదలలేదు, కుటుంబాన్నే గది ఖాళీ చేయించారు. పిల్ల ఆరోగ్యం కోసమేనని చెప్పి పుణ్యం కూడా మూటగట్టుకున్నారు. తల్లీబిడ్డలు బోరబండలో కిరాయి గదికి పోయారు. వాచ్‌మన్ చీకటితో వచ్చి బాగా పొద్దుపోయాక వెళ్తున్నాడు.

మొన్న గేటు దగ్గర ఆపి, పాప ఎలా ఉందని అడిగాను.

"దగ్గు తగ్గింది సార్. నేను పొయ్యేసరికి పండుకుంటది, లేవకముందే ఇటొస్త. మొన్న లీవు పెట్టి ఎత్తుకుంటే, ఎవడో కొత్తోడు అనుకొని ఒకటే ఏడుసుడు."