అక్క బొటనవేలి కొలత

మొన్న పొద్దున్నించీ నాకు కుదురు లేదు. కోవిల్‌పట్టిలో మా కోడలు వంటింటి గట్టుమీద కొత్త తూకం మిషన్ పెట్టుకుని, ఫోనులో చూసి పిండి ఇన్ని గ్రాములు, బెల్లం ఇన్ని గ్రాములని తూచి చేసిన అదిరసం, అదే, ఆంధ్రలో అరిసె అంటారే, నూనెలో వేయగానే విడిపోయింది. విరుదునగర్‌లో మా అక్క ఆస్పత్రి నుంచి వచ్చాక గంజి కూడా సరిగా ముట్టడం లేదు, అమ్మ చేసినట్టు అదిరసం చేస్తే తింటానందట. ఆ ఒక్క మాట పట్టుకుని నేను వాకిలికీ వంటింటికీ తిరిగాను.

తప్పు మిషన్‌ది కాదు, పాపం. నానిన బియ్యం పిండిలో తడి ఉంటుంది, ఆ తడీ తూకంలోకి వచ్చేస్తుంది, పిండి తగ్గి బెల్లం ఎక్కువైపోతుంది. మన అమ్మలు ఏనాడు గ్రాములు చూశారు చెప్పండి? మా అమ్మకు ఒక సొట్టపడిన ఇత్తడి గ్లాసు ఉండేది. పిండిని దాంట్లోకి వదులుగా జారవిడిచేది, మేము తట్టబోతే "తట్టొద్దే పాపా, తట్టితే పిండి కిందికి కూచుంటాది" అని చేతిమీద ఒక్కటి వేసేది. బెల్లం పొడి మాత్రం నిండా పోసి, అక్కని పిలిచి బొటనవేలితో గట్టిగా నొక్కమనేది. నేను నొక్కుతానని ఎంత ఏడ్చినా ఇచ్చేది కాదు, నాది తొందర చెయ్యట, అక్కది నిదానం చెయ్యట! అక్క పెళ్లయి విరుదునగర్ పోతూ ఆ గ్లాసు కూడా పట్టుకుపోతే నాకు ఒళ్లు మండిపోయింది.

ఇక ఆగలేక తడిపిండీ బెల్లమూ మూటకట్టి, కోడలినీ దాని మిషన్‌నీ వెంటబెట్టుకుని బస్సెక్కాను. సాత్తూరులో డ్రైవరు టీ తాగుతుంటే అతని మీదా కోపమే వచ్చింది. అక్క మంచంమీదే కూర్చుని గ్లాసు ఒళ్లో పెట్టుకుని, సొట్ట ఎక్కడుందో తడిమి చూసుకుని, బెల్లం పోయించుకుని నొక్కింది. కోడలు దాన్ని తూచి ఫోనులో ఎక్కించుకుంది. అక్క అలిసిపోయి గోడవైపు తిరిగి పడుకున్నాక నేను వేలు పెట్టి చూశాను. బెల్లం మెత్తగా లోపలికి దిగిపోయింది, అక్క వేలికి అది అణగనే లేదు. చప్పుడు చెయ్యకుండా ఇంకొంచెం పోసి నేనే నొక్కాను, నా జన్మలో ఎప్పుడూ లేనంత నిదానంగా. కోడలు మళ్లీ తూచి, ఆ లెక్క కూడా ఫోనులో కింద ఎక్కించుకుంది.

పాకంపిండి ఊరాలి కదా, మరునాడు వేయించి ఇచ్చాము. అక్క ఒకటి మొత్తం తింది. వేళ్లు నాక్కుంటూ, "చూస్తివా, నా చెయ్యి ఇంకా మరవలే" అని మురిసిపోయింది. అవునక్కా అన్నాను, ఇంకేమంటాను!

తిరిగి వస్తూ బస్సులో కోడలు మెల్లగా అడిగింది, "అత్తా, ఏ లెక్క పెట్టుకునేది? పెద్దత్తదా, మీదా?" నేను కిటికీవైపు తిరిగిపోయాను. నాదే సరైనదని దానికీ తెలుసు. ఇప్పుడు మిషన్లొచ్చాయి, ఎవరు నొక్కినా తూకం నిజం చెప్పేస్తుంది, మన కాలంలో గ్లాసు అలా చెప్పేది కాదు, అదే బాగుండేదేమో. చిన్నప్పుడు ఆ బెల్లం నొక్కే పనికోసం కదూ అంత ఏడ్చాను. ఇన్నేళ్లకు వచ్చింది నా చేతికి. నాకు వద్దమ్మా, అక్కనే నొక్కమనండి.