వినాయకుడి తడి ఆర్చిన మా మేరీ అక్క

నిన్న డ్యూటీ దిగి ఫోన్ చూస్తే, మా కాలనీ క్యాంప్ 1 వాట్సాప్ గ్రూప్‌లో మేరీ అక్క ఫోటో.

బర్త్‌డే అనుకుని కేకు బొమ్మ పెట్టబోయాను. కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టి ఉన్నారు.

గుండెపోటట. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మా పక్కింటి అక్క. కాలేజీలో మట్టి పరీక్షల ల్యాబ్ చూసేది. తడి బంకమట్టిలోకి కరెంటు పంపితే ఏమవుతుందన్నదే ఆమె రీసెర్చ్. లోపలి నీళ్ళు మెల్లగా మైనస్ కడ్డీ వైపు జరుగుతాయట, మిగతా మట్టి గట్టిపడుతుందట. అడిగినా అడక్కపోయినా చెప్పేది. పెళ్ళి భోజనాల్లో కూడా వదిలేది కాదు.

మా వీధి వినాయకుణ్ణి ఏటా మా నానమ్మే చేస్తుంది. ఒక ఏడాది ముసురు పట్టి విగ్రహం ఆరనే లేదు. ఈసారికి మార్కెట్‌లో కొనేద్దామన్నారు కమిటీ వాళ్ళు. నానమ్మ అన్నం మానేసింది.

చర్చి నుంచి వస్తూ ఆ సంగతి విన్న అక్క, చీర కూడా మార్చుకోకుండా బ్యాటరీ, ఇనుప కడ్డీలు పట్టుకొచ్చింది. వీపు వైపు ప్లస్, బొజ్జ వైపు మైనస్. నీళ్ళన్నీ ముందుకొచ్చి, తొండం జారి కింద పడింది.

"ఓలమ్మీ, దేవుడి తొండం ఊడగొట్టీసినావే" అంది నానమ్మ.

"మైనస్ తప్పు చోట ఎట్టీసినాను నానమ్మా. కోప్పడకు."

ఈసారి విగ్రహం కింది మట్టి పీటలోకి చిల్లుల ఇనుప గొట్టం దూర్చి, మైనస్ దానికి కలిపింది. సాయంత్రానికి గొట్టంలోంచి బొట్టు బొట్టుగా నీళ్ళు. మర్నాటికి విగ్రహం గట్టిపడింది. నానమ్మ కొత్త తొండం అతికింది, కాస్త వంకరగానే. తర్వాత పప్పన్నం కలిపి అక్కకు తన చేత్తో ముద్దలు పెట్టింది. అప్పటి నుంచి అక్క లేకుండా మా ఇంట్లో విగ్రహం పని మొదలు కాలేదు.

ఈ ఏడాదికీ నానమ్మ మట్టి నానబెట్టేసింది. "మేరీని పిలు" అని ఒకటే గొడవ. ఇవాళ పొద్దున్న ఆవిడకు నేనే చెప్పాల్సి వచ్చింది. నా వల్ల కాదనుకున్నాను. ఎలాగో చెప్పాను.

నానబెట్టిన మట్టి మీద తడి గుడ్డ కప్పింది నానమ్మ. తర్వాత అడిగింది.

"ఎక్కడెడతన్నారు పిల్లని?"

సమాధుల తోటలో, మధ్యాహ్నం అన్నాను.

"ఈ వానకి మట్టంతా నానిపోయుంటాది. పిల్లకి చలెయ్యదేటి?"



వెళ్ళిరా అక్కా. నువ్వున్న చోట వెచ్చగా ఉండాలి. నిశ్చింతగా పడుకో.